కడాయి పెట్టని ఏడు

డిసెంబర్ 1, ఆదివారం

ఈ ఏడు మా ఇంట్లో పొయ్యి మీద నూనె కడాయి పెట్టను. నిర్ణయం అయిపోయింది. ఇక దీని గురించి ఆలోచించేది లేదు.

చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే నిషిత మొదలుపెట్టింది.

"మమ్మీ, గులాబీ పూలు ఎప్పుడు చేస్తున్నం? మా క్లాసోళ్లకు చెప్పిన, తెస్తనని."

"ఈసారి లెవ్వు."

"గరిజెలు?"

"ఏం లెవ్వు. అమ్మమ్మ పోయింది కద. మనిషి పోయిన ఇంట్ల మొదటి పండుగకు కడాయి పెట్టరు. చుట్టాలు, చుట్టుపక్కలోళ్లు చేసి తెస్తరు. వాళ్లు తెచ్చిందే తినాలె."

"మనకెవరు తెస్తరు?"

తొమ్మిదో తరగతి పిల్ల. ఒక్కోసారి వకీలులా అడుగుతుంది. "తెస్తరు" అన్నాను. ఎవరు అని మళ్లీ అడగకముందే స్నానానికి వెళ్లిపోయాను.

అమీన్‌పూర్‌కి వచ్చి తొమ్మిదేళ్లయినా ఈ అపార్ట్‌మెంట్‌లో నేను "ఫోర్ నాట్ టూ ఆంటీ"నే. మార్చిలో అమ్మ పోయాక అంబులెన్సులో సంగారెడ్డికి, తమ్ముడింటికి తీసుకుపోతుంటే, ఎప్పటిలా డయాలసిస్‌కే అనుకున్నారు. లిఫ్టులో నవ్వే వాళ్లకు మా ఇంట్లో ఒక మనిషి తగ్గిందని ఇప్పటికీ తెలియదు. చెబితే అయ్యో అంటారు. చెప్పి అయ్యో అనిపించుకోవడం నాకు రాదు.

డిసెంబర్ 4

నేను హాజరు చూసే టైమ్ ఆఫీసులో ఈరోజు పని లేదు. పంచింగ్ మెషిన్ మొరాయించింది. అది బాగయ్యేదాకా కూర్చుని నాన్న చనిపోయిన ఏటి క్రిస్మస్‌ని తలుచుకున్నాను.

నేను అయిదో తరగతి, తమ్ముడు బిల్లీ రెండు. నాన్న పటాన్‌చెరులో పైపుల ఫ్యాక్టరీలో చేసేవాడు. కామెర్లొచ్చి వినాయక చవితి రోజుల్లో పోయాడు. అమ్మ కడాయిని కడిగి అటక మీద బోర్లించింది. మాకు పండుగ లేదని బిల్లీ ఒకటే ఏడుపు.

తీరా చూస్తే మా వాడలో ఏ ఇంట్లో కడాయి పెట్టినా మొదటి వాయి మాకే వచ్చింది. పాస్టరమ్మ గారి గులాబీ పూలు. వెనక వీధి కౌసల్య పెద్దమ్మైతే సంక్రాంతి దాకా ఆగలేదు, మా కోసమే సకినాలు చుట్టింది. మొగులయ్య పెదనాన్న సైకిల్ హ్యాండిల్‌కి గంప కట్టుకుని తెచ్చాడు. వాళ్లు గుడికి పోయేవాళ్లు, మేము చర్చికి, సకినాలకు ఆ తేడా ఉండేది కాదు. ఎవరొచ్చినా అమ్మ చెయ్యి పట్టుకుని "నోరు తీపి చేసుకో సుకుమారీ" అనేవాళ్లు. అమ్మ ఏడ్చేది. నేనూ బిల్లీ మంచం కింద దూరి తినేవాళ్లం. నా చిన్నతనంలో అంత తిన్న క్రిస్మస్ ఇంకోటి లేదు. నాన్న లేడన్న బాధ ఉంది, కడుపునిండా గరిజెలూ ఉన్నాయి. ఒకదానికొకటి అడ్డం రాలేదు.

అలా ఎవరైనా వచ్చి తలుపు కొట్టాలని ఉంది. రాసేశాను, ఇక దాచుకునేదేముంది.

డిసెంబర్ 7

కొబ్బరికాయలు రెండు కొన్నాను. చట్నీకి.

డిసెంబర్ 8, ఆదివారం

ఫ్లెక్సీ సంగతి నేనెప్పుడో మర్చిపోయాను. మా ఆయన అనిలే ఇవాళ అన్నం తింటూ తెచ్చాడు. "బిల్లీతోటి ఇంకెన్ని రోజులు మాట్లాడవ్? బొమ్మ మీద పేరు లేదని తమ్మున్ని వదులుకుంటరా?"

పేరు గురించి కాదు. పేరుదేముంది. ఆరడుగుల ఫ్లెక్సీ, రెండు పక్కలా పావురాలు, మధ్యలో అమ్మ. కింద ఎర్ర అక్షరాల్లో, కుమారుడు బిల్లీ, కోడలు వనజ, మనవళ్లు. దాని కింద వనజ వాళ్ల తమ్ముడి పేరు కూడా ఉంది, అతను అమ్మను మొత్తం మీద రెండుసార్లు చూసి ఉంటాడు. చర్చి గేటు దగ్గర, స్మశానం దగ్గర, ఇంటి ముందు, మూడుచోట్ల కట్టారు. మూడింటిలోనూ చదివాను. నేను లేను.

ఆరేళ్లు మా హాల్లో మంచం వేసుకుని ఉంది అమ్మ. వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదులకు చేతులు నల్లబడితే నా చీర కొంగు కప్పుకునేది, వచ్చినవాళ్లకు కనబడకుండా. అమ్మ పోయింది నా చేతుల్లో. పోయిన ఇల్లు నాది.

జ్ఞాపకార్థ కూడిక నాడు బిల్లీ "అక్కా, తిన్నవా?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా బండెక్కాను. ఆ తర్వాత నాలుగైదుసార్లు ఫోన్ చేశాడు. తర్వాత మానేశాడు. మానేయడమే నాకు కావాలి అనుకున్నాను.

డిసెంబర్ 11

బీరంగూడ రోడ్డులో బేకరీ ముందు ట్రాఫిక్ ఆగింది. వెనీలా వాసన. ఎక్కడికో వెళ్లిపోయాను.

మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? వాడలో అందరూ కేకు పిండి ఇంట్లో కలిపి, డబ్బాలో పోసి, సంగారెడ్డి పాత బస్టాండ్ దగ్గర బేకరీకి పట్టుకుపోయేవాళ్లు. డబ్బాకు ఇంటివాళ్ల పేరు రాసిన చీటీ అంటించాలి. మా డబ్బా మోసే పని నాదీ బిల్లీదీ. నేను ఒక వైపు, వాడు ఒక వైపు పట్టుకునేవాళ్లం. దారి పొడవునా వాడి వేలు పిండిలోనే ఉండేది. నేను తిడుతూ, మధ్యమధ్య నేనూ వేలు పెడుతూ. బేకరీ చేరేసరికి డబ్బాలో సగమే మిగిలేది. సాయంత్రం కేకు అట్టులా వచ్చేది.

అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసేది. "ఈ బేకరోడు ఏటేటా మన పిండి మింగుతున్నడే. దేవుడు సూస్తడు వాన్ని" అనేది. మేమిద్దరం భక్తిగా తలూపేవాళ్లం. పాపం ఆ బేకరీ సాయిబు, ఏం తెలియకుండా ఎన్ని శాపనార్థాలు తిన్నాడో.

ఈ సంగతి చెప్పుకుని నవ్వడానికి భూమ్మీద ఇంకొక్కడే ఉన్నాడు. వెనక నుంచి హారన్ కొడుతుంటే బండి తీశాను.

డిసెంబర్ 13

బిల్లీ వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. అమ్మ ఫోటో. పెద్ద కుండలో చెయ్యి పెట్టి పిండి కలుపుతూ, కోపంగా చూస్తోంది, ఫోటో తీయొద్దన్నట్టు. వేలు తగిలి తెరుచుకుంది. నేను చూసినట్టు వాడికి తెలుస్తుంది. తెలిస్తే తెలవనీ.

మధ్యాహ్నం ఇంకోసారి వేలు తగిలింది.

డిసెంబర్ 15, ఆదివారం

ఏడు గంటలకు క్యారల్స్‌వాళ్లు వచ్చారు. డ్రమ్ము కొట్టొద్దని వాచ్‌మన్ కిందే ఆపేశాడట, అసోసియేషన్ రూలు. చప్పట్లతోనే రెండు పాటలు పాడారు. హాలు నిండిపోయింది. అమ్మ మంచం ఉన్నచోట అయిదుగురు నిలబడ్డారు. అమ్మ ఉంటే పాట మధ్యలోనే "వాళ్లకు పళ్లెం పెట్టే" అని నన్ను తొందర పెట్టేది.

బిస్కెట్లు, టీ పెట్టాను. ఒకమ్మాయి పళ్లెం చూసి అడగనే అడిగింది. "ఆంటీ, గరిజెలు చెయ్యలేదా? మీ ఇంట్ల గరిజెలుంటయని నడిచొచ్చినం."

వీళ్లు మా చర్చివాళ్లే. మార్చిలో ప్రార్థన చేసినవాళ్లే. మర్చిపోయారు. మర్చిపోవడం తప్పు కాదు, తొమ్మిది నెలలయింది. పాస్టరు గారు ఈ కుటుంబాన్ని ఆశీర్వదించమని ప్రార్థించారు. దుఃఖంలో ఆదరించమని అంటారేమో అని చెవులు రిక్కించాను. అనలేదు.

వాళ్లు వెళ్లాక అనిల్ కప్పులు కడిగాడు. నేను బాల్కనీలో నిలబడి కింద గేటు దాటేదాకా వాళ్లను చూశాను. ఎవరైనా వెనక్కి వస్తారని కాదు.

డిసెంబర్ 17

పుట్నాలు, మైదా, గసగసాలు. ధర తగ్గింది కదా అని.

డిసెంబర్ 19

పై అంతస్తు అలేఖ్య వచ్చింది. సాఫ్ట్‌వేర్ పిల్ల, తెల్లాపూర్‌లో ఫ్లాట్ చేతికొచ్చేదాకా ఇక్కడ కిరాయికి ఉంటోంది. చేతిలో అట్టపెట్టె. "హ్యాపీ క్రిస్మస్ ఇన్ అడ్వాన్స్ ఆంటీ! ప్లమ్ కేక్. బాగుంటది అన్నరు, ఆర్డర్ పెట్టిన."

ఎంత మంచి పిల్ల. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆమె వెళ్లాక పెట్టె ముందు కూర్చుని లెక్కలు వేశాను. తలుపు కొట్టి తెచ్చింది, నిజమే. కానీ పండుగని తెచ్చింది, చావని తెచ్చింది కాదు. ఇది లెక్కలోకి వస్తుందా రాదా? ఆదివారం బడిలో కూడా ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు నన్నెవరూ.

నేను లెక్క తేల్చేలోపు తండ్రీకూతుళ్లు కేకు తేల్చేశారు. నేను ముట్టలేదు.

డిసెంబర్ 21

అనిల్ అన్నాడు, "బిల్లీకి నువ్వే ఫోన్ చెయ్యరాదు? ఏమన్న తెమ్మను."

"అడుక్కుంటే అది పండుగెట్లయితది?"

"మరి తేలేదని కుమిలిపోవుడు ఎందుకు?"

"ఎవరు కుమిలిపోతున్నరు?" అని గట్టిగా అరిచాను. పక్కింటి కుక్క కూడా మొరిగింది.

డిసెంబర్ 22, ఆదివారం

కౌసల్య పెద్దమ్మ ఫోన్ చేసింది. మొగులయ్య పెదనాన్న పోయాక ఆమె ఫోన్ వాడటం నేర్చుకుంది. పలకరింపు లేదు, ఎత్తగానే దులపడం మొదలు.

"ఏమే ఎల్సీ, ఎప్పుడొస్తున్నవ్? పండుగ నెత్తి మీదికొచ్చె. ఇంక గరిజెలు చేసుడు కాలేదా?"

"నేనెందుకు చేస్త పెద్దమ్మా? అమ్మ పోయిన ఏడు కద. మా ఇంట్ల కడాయి పెట్టలే."

అటు టీవీ చప్పుడు తగ్గించింది.

"నీ ఇంట్ల ఎందుకు పెట్టవే పిచ్చిదానా? పెట్టనిది బిల్లీగాని ఇల్లు. పానం ఏడ పోతే ఏంది, పీనుగ లేసింది ఆ ఇంట్లకెల్లి. నువ్వు లగ్గమై ఇంకో ఇంటికి పోయినదానివి. నువ్వు చేసి తేవాలె వాళ్లకు."

"వాడకట్టోళ్లు తేలేదా?"

"తేకేంది! పళ్లేలకు పళ్లేలొచ్చినయి. నేను సకినాలిచ్చి నాలుగొద్దులాయె. ఒక్కటి ముట్టలేదే. ఇంటి ఆడిబిడ్డ వచ్చి నోరు తీపి చెయ్యంది వాళ్లెట్ల తింటరు? పోరగాళ్లు ఆ డబ్బాల సుట్టు పిల్లుల లెక్క తిరుగుతున్నరు. వనజ తిందమంటది, వాడు వద్దంటడు. అక్కొస్తది, అక్క చేతిది పడ్డంకనే అంటడు."

అయినా ఊరుకోలేక అన్నాను, "ఫ్లెక్సీల నా పేరే లేదు పెద్దమ్మా. ఇంటి ఆడిబిడ్డనంట."

"ఆ ఫ్లెక్సీ కొట్టిచ్చింది చర్చి పోరలు. వాడు పీనుగ పక్కకెల్లి లేస్తె కద సూసుకునేందుకు. అడిగినవా వాన్ని ఎన్నడన్న? నువ్వు అడగవు, వాడు చెప్పడు. ఇద్దరు ఇద్దరే, మీ అయ్య మొండితనం." ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియడం లేదు. కడాయి పెట్టానంటే అమ్మ మా ఇంట్లోంచి పోలేదని నా చేతులతో నేను ఒప్పుకున్నట్టే. ఆరేళ్లు ఎత్తుకుని దించుకుని, మందులు మింగించి, చివరికి అమ్మ వాడిది, నేను పళ్లెం పట్టుకుని పోయే చుట్టాన్ని. ఇదెక్కడి న్యాయం ప్రభువా?

మింగలేక కక్కలేక మంచం మీద పడుకున్నాను.

సాయంత్రం

ఆ పిల్లలు డబ్బాల చుట్టూ తిరగడమే కళ్లముందు ఆడుతోంది. చిన్నవాడికి ఎనిమిదేళ్లు. నాన్న పోయినప్పుడు బిల్లీకి ఇంకో ఏడాది తక్కువ. తినకూడదని వాడికి వాడే ఆంక్ష పెట్టుకుని, రోజూ షిఫ్టు నుంచి వచ్చి నేనొచ్చానా అని అడుగుతున్నాడేమో. నా తలుపు ఎవరైనా కొట్టాలని నేనిక్కడ, నేను వచ్చి కొట్టాలని వాడక్కడ.

న్యాయం సంగతి తర్వాత చూసుకుంటాను. వాడు ఆకలితో ఉంటే చూడటం నా వల్ల కాదు.

డిసెంబర్ 23

సెలవు పెట్టాను. పొద్దున్నే కడాయి దించాను. నూనె పోశాను. "అమ్మా, నీ కొడుకు కోసమే" అన్నాను బయటికే.

మైదా, పుట్నాలు, కొబ్బరి, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. నిషిత ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతూ నా వంక అదోలా చూసింది. "మమ్మీ, చట్నీకి గసగసాలు కూడ పడతయా?" అంది. నెత్తి మీద ఒకటి వేశాను.

అమ్మ చేతి గరిజెకు అంచు మీద జడ అల్లినట్టు మడతలుండేవి. అచ్చు వాడేది కాదు. అచ్చులో చేసిన గరిజె బజారు గరిజె అనేది. నేను అల్లితే మొదటిది నూనెలో నోరు తెరిచింది. పొడంతా కడాయిలో పడి మాడింది. ఒళ్లు మండిపోయింది. నూనె వంపేసి మళ్లీ పెట్టాను. అనిల్ పూరీలు ఒత్తాడు, ఒక్కొక్కటీ ఒక్కో జిల్లా మ్యాప్. నిషిత పొడి నింపింది. రెండో వాయి నుంచి అంచులు నిలిచాయి. వేళ్లకు ఎవరూ చెప్పకుండానే గుర్తొచ్చింది. కొబ్బరి వాసన హాల్లోకి పోతుంటే, మంచం ఉన్న వైపు తిరిగి ఉప్పు చూడమని అడగబోయాను. గరిజెలో ఉప్పేమిటి? అమ్మతో మాట్లాడటానికి ఏదో ఒక సాకు, అంతే. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. తొమ్మిది నెలల్లో ఇలా ఏడవలేదు. తండ్రీకూతుళ్లు కడాయి చూసుకున్నారు.

గులాబీ పూలు కూడా చేశాం. కొన్ని మాడాయి. అవి కూడా మేము తినలేదు. బిల్లీ కంటే ముందు ఎవరూ తినకూడదనిపించింది.

డిసెంబర్ 25

పండుగ ఆరాధన అయింది, అన్నాలయ్యాయి. నిన్నటిది రాయాలి.

రుద్రారం దాటాక లారీల మధ్య అనిల్ బండి మెల్లగా నడిపాడు. డబ్బా నా ఒళ్లో ఉంది. ఏమని పలకరించాలో దారంతా అనుకుంటూ పోయాను. ఒక్కటీ కుదరలేదు.

వాళ్లింటి మీద నక్షత్రం లేదు. వాడ మొత్తంలో ఆ ఒక్క ఇల్లే చీకటి. తలుపు తీసే ఉంది. వనజ నన్ను చూసి "వదినె!" అని గడప మీదే ఆగిపోయింది, లోపలికి తిరిగి "ఏమయ్యో, వదినెచ్చింది" అని కేకేసింది. గొంతులో ఎంత ఊరట అంటే, ఆ పిల్లను ఇన్ని నెలలు మనసులో తిట్టుకున్నందుకు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బీరువా పక్కన బల్ల మీద డబ్బాలు, పళ్లేలు, పైన గుడ్డ కప్పి. చిన్నవాడు నా చేతిలో డబ్బా చూసి అన్నను పొడిచాడు.

బిల్లీ ఫ్యాక్టరీ చొక్కాతోనే ఉన్నాడు, పగటి షిఫ్టు అప్పుడే దిగినట్టున్నాడు. చిక్కిపోయాడు. ముందర్నుంచి జుట్టు పోయింది. నన్ను చూసి నవ్వబోయి మానేశాడు.

"ఆలిశమైంది" అన్నాను.

"ఒచ్చినవ్ కద" అన్నాడు.

వనజ పీట వేసింది. వాడు చేతులు కడుక్కుని చిన్నపిల్లాడిలా దాని మీద కూర్చున్నాడు. నేను డబ్బా మూత తీసి, అంచు బాగా కుదిరిన గరిజె వెతికి, వాడి నోటికి అందించాను. సగం కొరికాడు. నమిలాడు. మింగలేక అట్లాగే ఉండిపోయాడు, కళ్లలోంచి నీళ్లు కారుతూ. వనజ నీళ్లిచ్చింది. తాగి మింగాడు. అప్పుడు పిల్లలిద్దరికీ, వనజకూ నా చేత్తోనే పెట్టాను. బల్ల మీద గుడ్డ ఎప్పుడు లాగేశారో చూడలేదు, కరకరమని చప్పుడు మాత్రం ఇల్లంతా నిండింది.

పని అయింది, పోదామన్నట్టు నేను చేతులు దులుపుకుంటుంటే బిల్లీ నా మణికట్టు పట్టుకున్నాడు. వాడి చేతిలో మిగిలిన సగం గరిజె అలాగే ఉంది.

"అక్కా, అమ్మ నీ ఒళ్లనే పోయింది కద. మరి నీ నోరు ఎవరు తీపి చేసిన్రు?"

ఎవరైనా అడుగుతారని నెల పొడవునా కాచుకున్న మాట అది. ఎవరూ లేరని తల అడ్డంగా ఊపాను.

"కూసో" అన్నాడు. పీట మీంచి లేచి నన్ను కూర్చోబెట్టాడు. ఆ సగం గరిజె నా నోటి దగ్గర పెట్టాడు. నేను తిన్నాను.